టాలీ పాఠాలను తెరపై రికార్డు చేయడం ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: బీకాం చదివి, అమీర్‌పేటలో టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. కంప్యూటర్ తెరను రికార్డు చేసి స్నేహితురాళ్లకు పాఠాలు పంపుతుంటే బాగా అర్థమవుతున్నాయంటున్నారు. ఈ రంగంలో ఉద్యోగాలున్నాయా? రికార్డు చేయడానికి సాఫ్ట్‌వేర్ కొనాలా?

జవాబు: కొనవలసిన అవసరం లేదమ్మా. తెరను రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. 1920×1080 కొలతలో, సెకనుకు 30 ఫ్రేములతో రికార్డు చేస్తే సరిపోతుంది. ఫైలును ఎంకేవీ రూపంలో ఉంచితే మధ్యలో కరెంటు పోయినా అప్పటివరకు రికార్డయిన భాగం మిగులుతుంది. తరువాత దాన్ని ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఉద్యోగాలున్నాయి. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ (పాఠాలను రూపొందించేవారు), ట్రైనింగ్ కంటెంట్ డెవలపర్ (శిక్షణ పాఠాలు తయారుచేసేవారు) అనే పేర్లతో వెతకండి. అయితే తెరను రికార్డు చేయడం వచ్చునన్న ఒక్క కారణంతో ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. లెక్కలు తెలిసి ఉండడం, తెలిసినదాన్ని తెలియనివారికి విడమరచి చెప్పగలగడం మీ అసలు బలం కనుక, ఇప్పుడున్న పనిని మానకుండానే ప్రయత్నించండి.

మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన విషయం వేరే ఉంది. టాలీలో అనుభవమున్నవారు మౌస్ ముట్టకుండా దాదాపు అంతా కీబోర్డుతోనే చేస్తారు. మీరు ఎఫ్8 నొక్కగానే అమ్మకాల వోచరు (లావాదేవీని నమోదు చేసే పత్రం) తెరుచుకుంటుంది, కానీ చూసేవారికి మీ వేళ్లు కనబడవు. తెర ఎందుకు మారిందో తెలియక అక్కడే ఆగిపోతారు. అందుకే నొక్కబోయే కీ పేరును ముందుగా పలికి, నొక్కిన తరువాత రెండు క్షణాలు ఆగి, ఏమి మారిందో చెప్పి, ఆ తరువాతే ముందుకు సాగాలి. ఇది అప్పటికప్పుడు నోటికి రాదు. చెప్పవలసిన మాటలన్నీ ముందే కాగితంపై రాసుకుని, ఫ్యాను ఆపేసి, ఒక నిమిషం రికార్డు చేసి విని, గొంతు స్పష్టంగా ఉందనుకున్నాకే పాఠం మొదలుపెట్టండి.

దుకాణం ఖాతాలను మాత్రం ఎన్నడూ తెరపై చూపవద్దు. వాటిలో ఖాతాదారుల జీఎస్టీ నంబర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు ఉంటాయి. అవి యజమాని మిమ్మల్ని నమ్మి అప్పగించినవి. టాలీ ఇప్పటి రూపమైన టాలీప్రైమ్‌లో, నేర్చుకునేవారి కోసం ఉన్న ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఒక ఊహా సంస్థను సృష్టించుకోండి. అందులో నెలకు 1, 2, 31 తేదీల్లోనే వోచర్లు నమోదు చేయవచ్చు, పాఠానికి అది చాలు. రికార్డు చేసేటప్పుడు వాట్సాప్ మూసివేయడం కూడా మరువకండి.

ముందుగా మూడే వీడియోలు తయారుచేయండి: జీఎస్టీతో అమ్మకపు బిల్లు, కొనుగోలు నమోదు, బ్యాంకు ఖాతా సరిచూడడం. ఒక్కొక్కటి నాలుగైదు నిమిషాలు మించనివ్వకండి. టాలీ ఎరుగనివారిని పక్కన కూర్చోబెట్టి, మీరు నోరు మెదపకుండా, వీడియో చూస్తూ ఆ పనిని వారితోనే చేయించండి. వారు ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ రికార్డు చేసి, ఆ మూడింటినీ దరఖాస్తుతో జతచేయండి.