రాజీనామా కన్నా ముందు రాయాల్సినవి

బ్రహ్మపుర

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన మూడు కథలూ అందాయి. చదివాను, మళ్లీ చదివాను. "మాస్టారూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి రాసుకుంటూ బతకాలనుంది, మానెయ్యమంటారా?" అని సూటిగా అడిగావు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. మానెయ్, కానీ ఇప్పుడే వద్దు. రాయడానికి టైము దొరుకుతుందని మానెయ్యకు. రాస్తున్న పని ఇక ఆఫీసులో కూర్చోనివ్వని రోజు ఒకటి వస్తుంది. అప్పుడు మానెయ్.

ఎందుకంటున్నానంటే, నీ ఉత్తరంలో నాలుగు పేజీలు ఆఫీసు గురించే ఉన్నాయి. అమెరికా టైముకి అర్ధరాత్రి కాల్స్, అప్రైజల్ టెన్షన్, ఆదివారం సాయంత్రానికే పట్టుకునే గుబులు. చదువుతుంటే బాధేసింది. ఏం రాయాలనుకుంటున్నావో మాత్రం రెండు లైన్లలో తేల్చేశావు. అలసిపోతే టీము మారొచ్చు, కంపెనీ మారొచ్చు, నెల్రోజులు సెలవు పెట్టి మీ ఊరు పర్లాకిమిడి వచ్చి పడుకోవచ్చు. ఆ అలసట మీదే ఉద్యోగం వదిలేస్తే ఆర్నెల్లలో ఒళ్లు తేరుకుంటుంది, దాంతోపాటు రాయాలన్న ఆత్రమూ చల్లారుతుంది. అప్పుడు జీతమూ ఉండదు, రాసిందీ ఉండదు. అలా వెనక్కి వెళ్లి ఇంటర్వ్యూలకి నిలబడ్డ మంచి పిల్లల్ని చూశాను. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఇక కథలు. బెంగళూరు అపార్ట్‌మెంట్ కథలు రెండూ నీటుగా ఉన్నాయి, కానీ అవి ఎవరైనా రాయగలిగినవి. మూడో దాంట్లో, మధ్యలో ఎక్కడో, మీ నాయనమ్మ పర్లాకిమిడి బజారులో చీర కొనే సన్నివేశం ఉంది చూడు. షాపాయన్ని "కేతే?", అంటే ఎంత అని, ఒడియాలో అడిగి, ఒడియాలోనే బేరమాడి, పక్కకి తిరిగి కోడలి చెవిలో "రంగు దిగేలా ఉందే, లేచి పోదాం పద" అని తెలుగులో అంటుంది. షాపాయన చీర మడత పెడుతూ "రంగు దిగదమ్మా, నాదీ గ్యారంటీ" అని తెలుగులోనే జవాబిస్తాడు. అక్కడ నేను ఆగిపోయాను. ఆ ముగ్గురూ నా కళ్ల ముందు నిలబడ్డారు. నువ్వేమో దాన్ని ఆరు లైన్లలో ముగించి మళ్లీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కేశావు. నీ పుస్తకం ఆ షాపులో ఉంది తల్లీ.

మీ ఊళ్లో బతికిన గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి నీకు తెలిసిందే అయినా ఇంకోసారి గుర్తు చేసుకో. 1880లో రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. చూసి నేర్చుకోవడానికి పుస్తకం లేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు. పగలు పాఠాలు చెప్పుకుంటూనే ఇదంతా చేశారు. ముప్పై ఏళ్ల ఉద్యోగం తర్వాత 1911లో విరమించేనాటికి వాడుక భాష ఉద్యమం ఆయన కోసం సిద్ధంగా ఉంది. ఆ తర్వాత ఆయన ఒక్కరోజైనా ఖాళీగా కూర్చున్నారని నేననుకోను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మీ ముత్తాతలు, మా తాతలు ఉండిపోయారు. వెళ్లిపోయినవాళ్ల గురించి కొంతైనా రాశారు. ఉండిపోయినవాళ్లు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా పెట్టుకుని ఎలా నెట్టుకొచ్చారో, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నానికి పెళ్లి సంబంధానికి వెళ్తే "మీ తెలుగేంటి ఇలా ఉంది" అన్నప్పుడు ఏం మింగుకున్నారో, అది రాయాలి. పశువుల కొమ్ముల్ని కొంగలుగా, రొయ్యలుగా చెక్కే పనివాళ్లు మీ ఊళ్లో ఉన్నారు. 1900లో నౌపడా నుంచి వచ్చిన చిన్న రైలు ఉండేది, దానికో చరిత్ర ఉంది. మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వలస పోయే కుర్రాళ్లున్నారు. ఇవన్నీ నీ చేతికందే దూరంలో ఉన్నాయి. బెంగళూరులో కూర్చుని వీటిని వదిలేసుకోకు.

మీ అమ్మగారికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదన్నావు. ఒడియా మీడియంలో చదివిన మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. నువ్వు నాయనమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకోవడం అదృష్టం. అందుకని ఒక పని చెయ్. కథ పూర్తికాగానే ముందు నాకు పంపకు, పత్రికకీ పంపకు. ఆదివారం ఫోన్ చేసి అమ్మకి చదివి వినిపించు. ఆవిడ మధ్యలో "ఆఁ, ఆఁ" అంటూ స్టవ్ వైపు వెళ్లిపోయిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు. "ఆగాగు, అదెవరు, మన పక్కింటి పిన్నేనా?" అన్న చోట కూడా పెట్టు. నీకు అంతకన్నా మంచి ఎడిటర్ దొరకదు.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. తెలుగు కథకి వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. చాలామంది పుస్తకాన్ని సొంత ఖర్చుతోనే వేసుకుంటున్నారు. ఉద్యోగంలో ఐదేళ్లు నిండటానికి ఇంకా ఏడు నెలలుందన్నావు. అవి నిండితే గ్రాట్యుటీ వస్తుంది, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. దాన్ని వదులుకోవద్దు. అంతకన్నా ముఖ్యం నాన్నగారి షుగర్. ఇప్పుడు కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు కవర్ అవుతున్నారు, నువ్వు మానేస్తే అది పోతుంది. కొత్త పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకి 3 ఏళ్ల దాకా ఆగమనొచ్చు. కాబట్టి వాళ్లిద్దరికీ విడిగా పాలసీ ఇప్పుడే తీసుకో, ఆ గడువు నువ్వు ఉద్యోగంలో ఉండగానే నడవడం మొదలవుతుంది. బండి లోను తీర్చెయ్. రెండేళ్ల ఇంటి ఖర్చు ఎవరూ ముట్టుకోని చోట పెట్టు. ఒడియా, తెలుగు రెండూ చదివి రాయగలవు కనుక అనువాదం, సబ్‌టైటిల్స్ లాంటి పని నీకు దొరుకుతుంది. ఇప్పటినుంచే చిన్నగా మొదలుపెట్టు.

ఈ ఏడు నెలలూ ఎలాగూ ఆగాలి కదా, ఆ బజారు చుట్టూ కథలు రాయి. పొద్దున్న లాగిన్ కాకముందు ఒక గంట, ఫోను వేరే గదిలో పెట్టి. రాత్రి కాల్స్ అయ్యాక రాయొద్దు, అప్పుడు మెదడు ఆఫీసు భాషే మాట్లాడుతుంది. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖలో లెక్కలు చెప్పుకుంటూనే మన ఉత్తరాంధ్ర పల్లెల కథలు రాశారు. ఆయన 1997లో శ్రీకాకుళంలో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ, కథానిలయం, మీ ఊరికి దగ్గరే, ఆముదాలవలసలో రైలు దిగితే చాలు. ఈ ప్రాంతపు కథలు ఎవరెవరు ఎలా రాశారో అక్కడ చూడొచ్చు.

ఏడు నెలల తర్వాత నాలుగైదు గట్టి కథలు చేతిలో ఉండి, మిగతావి ఆఫీసు మీటింగుల మధ్యలో నిన్ను పీకుతుంటే, రాజీనామా పెట్టెయ్. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను, ఆయన నా మాట వింటారు. కథలు రాకపోతే ఉద్యోగంలోనే ఉండి ఇంకో ఏడాది చూడు. ఉద్యోగంలో ఉన్నంత మాత్రాన రచయిత్రివి కాకుండా పోవు.

దసరాకి వస్తున్నావుగా. నాయనమ్మ చీర కథని పూర్తి కథగా రాసి పట్టుకురా. సెలవుల్లో కథానిలయం తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని, టికెట్ తీసేముందు నాకు ఫోన్ చెయ్యి. నేనూ వస్తాను.

నీ శ్రేయోభిలాషి,
మాస్టారు