మాను ముక్క బరువు 70 కిలోలే, తాడెందుకు తెగింది?

చెట్టెక్కి పనిచేసేవాళ్ల తాళ్లు, బెల్టులు, కప్పీల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గోడకు ఆనుకుని ఉన్న పచ్చి వేపచెట్టును పైనుంచి మీటరు ముక్కలుగా కోయించాం. కింద పక్కింటివాళ్ల రేకుల షెడ్డు ఉంది. అందుకని ముక్కకు తాడు కట్టి, రెండో కొసను కోతకు కాస్త కింద మానుకే బిగించారు. ముక్క పడీపడగానే తాడు తెగింది, రేకులు పగిలాయి. 500 కిలోలు ఆగుతుందని కొట్లో చెప్పిన తాడు అది. నాసిరకం అంటగట్టారా? (రాజమండ్రి పాఠకుడు)

జవాబు: కొట్టువాణ్ని తిట్టుకోకండి. అతను చెప్పింది నిజమే అయినా ఆ తాడు తెగేదే.

30 సెంటీమీటర్ల మందం, మీటరు పొడవు ఉన్న ముక్క అంటే 0.07 ఘనపు మీటర్లు. పచ్చికర్ర ఘనపు మీటరుకి ఇంచుమించు వెయ్యి కిలోలు తూగుతుంది కాబట్టి ముక్క 70 కిలోలు. అది వేలాడితే తాడుకి లెక్కే కాదు. కానీ మీ ముక్క వేలాడలేదు, పడింది. తాడు కట్టిన చోటుకి పైన ఉన్న ముక్క కిందికి తిరగబడేసరికి మీటరుకి తక్కువ కాకుండా పడుతుంది. మానుకి బిగించేసిన తాడు సాగి దాన్ని 20 సెంటీమీటర్లలో ఆపిందనుకుందాం. పడిన దూరం, ఆగిన దూరం కలిపితే 120. దాన్ని 20తో భాగిస్తే 6. అంటే ఆపేటప్పుడు సగటున 70కి ఆరు రెట్లు, 420 కిలోల లాగుడు. తాడు పూర్తిగా సాగిన క్షణంలో అది దాదాపు రెట్టింపవుతుంది. ఇటు చూస్తే ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతు దాకా పోతుంది. మీ 500 కాస్తా 330 అయింది. ఇక ఎలా ఆగుతుంది?

తప్పు తాడుని బిగించేయడంలో ఉంది. కోతకు వీలైనంత దగ్గరగా, చేతి పొడవుకి మించి కిందికి పోకుండా, మానుకి పట్టీతో కప్పీ కట్టాలి. తాడు ఆ కప్పీలోంచి దిగి చెట్టు మొదట్లో కట్టిన ఇనుప గొట్టానికి చుట్టుకోవాలి. దీన్ని లోవరింగ్ బొలార్డ్ అంటారు, చేతిలో పట్టేంత చిన్న రకం కూడా దొరుకుతుంది. కొస కింద ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. ముక్క పడగానే అతను తాడును బిగపట్టకుండా జారనిచ్చి, మెల్లగా ఆపుతాడు. అదే ముక్క 20 సెంటీమీటర్లలో కాక మీటరు దూరంలో ఆగితే సగటు లాగుడు 140 కిలోలే. గొట్టం మీద ఒక్కో చుట్టుకీ చేతికి వచ్చే బరువు సుమారు మూడో వంతుకి పడిపోతుంది. ఇలాంటి ముక్కకి రెండు మూడు చుట్లు చాలు. చుట్లు మరీ ఎక్కువైతే తాడు జారదు, మళ్లీ మొదటి కథే. తాడును చేతికి చుట్టుకుని పట్టుకోవడం మాత్రం ఎన్నడూ వద్దు.

కప్పీ పట్టీ సంగతి చాలామంది మరిచిపోతారు. తాడు కప్పీకి రెండు వైపులా కిందికే లాగుతుంది కాబట్టి, ముక్క వైపు 140 కిలోలుంటే పట్టీ మీద 280 దాకా పడుతుంది. అందుకే పట్టీ, కప్పీ ఎప్పుడూ తాడుకంటే బలమైనవై ఉండాలి.

ముక్కకి వేసే ముడి: కోతకు దగ్గరగా ముందు ఒక అరముడి (తాడును ముక్కకి ఒక చుట్టు తిప్పి దాని కిందుగానే తీసేది), దానికి పైన జారే బౌలిన్ (లాగేకొద్దీ బిగిసే ఉచ్చుముడి). అరముడి ముక్కను పట్టుకుంటుంది, బౌలిన్ మీద పూర్తి బరువు పడదు. ఒక్క ముడితో సరిపెడితే, నున్నటి బెరడున్న చెట్టు మీద ముక్క తాడులోంచి జారిపోవచ్చు.

తాడు కొనేటప్పుడు పాలియెస్టర్ జంట అల్లిక తాడు, 12 నుంచి 16 మిల్లీమీటర్లు అడగండి. తెగే బలంలో పదో వంతుకి మించి పని చేయించకూడదు. తెగే బలం 3000 కిలోలుంటే మీ లెక్క 300. కొట్లలో చవగ్గా దొరికే నీలం, పసుపు పాలీప్రొపిలీన్ తాళ్లు ఈ పనికి పనికిరావు. అవి 165 డిగ్రీల దగ్గరే కరుగుతాయి, గొట్టం మీద వేగంగా జారితే ఆ వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. పాలియెస్టర్ కరగడానికి 250 డిగ్రీలు దాటాలి. పైగా పాలీప్రొపిలీన్ ఎండకి పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది.

ఇవన్నీ సమకూరకపోతే ముక్కను సగం చేయండి. బరువూ సగమే, పడే దూరమూ తగ్గుతుంది. రెండు కోతలు ఎక్కువ పడతాయి, అంతే.

ప్రశ్న: భవన నిర్మాణంలో వాడే సేఫ్టీ బెల్టు మా దగ్గర ఉంది. దాంతోనే చెట్టెక్కి కొమ్మలు కొట్టవచ్చా? విడిగా కొనాలంటే ఏమేం కావాలి? (కరీంనగర్, తోటపని చేసే యువకుడు)

జవాబు: ఆ బెల్టుకి ఐఎస్ 3521 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉండొచ్చు. కానీ దాని వీపు మీది రింగు పడిపోయే మనిషిని ఆపడానికి పెట్టింది. వేలాడుతూ పనిచేయడానికి కాదు. దాని మీద వేలాడితే తొడల పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి. కదలకుండా ఉండిపోతే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. చెట్టు పనికి కూర్చునే హార్నెస్ కావాలి: తొడలకి వెడల్పాటి పట్టీలు, ముందువైపు ఎక్కే తాడు తగిలించుకునే చిన్న తాడు వంతెన (దాని మీద రింగు అటూ ఇటూ జరుగుతుంది), నడుముకి రెండు పక్కలా రింగులు.

ఎక్కే తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్లు, తక్కువగా సాగే రకం, ఈఎన్ 1891 (యూరప్ ప్రమాణం) ‘ఎ’ తరగతి. కొండలెక్కేవాళ్ల సాగే తాడు వద్దు. ఒంటిని పైకి లాక్కున్న ప్రతిసారీ శ్రమలో కొంత తాడు సాగడానికే పోతుంది. తాడు కొమ్మ మీదుగా వెళ్లి తిరిగి మీ దగ్గరికే వస్తుంది కాబట్టి 15 మీటర్ల చెట్టుకి కనీసం 35 మీటర్లు తీసుకోండి. పట్టుముడికి (ఎక్కే తాడు మీద జరుగుతూ, బరువు పడితే బిగిసే ముడి) వేడి తట్టుకునే 8-10 మిల్లీమీటర్ల చిన్న తాడు వేరే ఉండాలి. కారబైనర్లు (తాడును బెల్టుకి కలిపే, గేటున్న లోహపు కొక్కేలు) తమంతట తామే తాళం పడేవి, తెరవడానికి రెండు మూడు కదలికలు కావాల్సినవి కొనండి. మర తిప్పే రకం బెరడుకి రాసుకుని దానంతటదే ఊడిపోగలదు. కారబైనర్ మీద దాని బలం కిలోన్యూటన్లలో (ఒకటి అంటే సుమారు వంద కిలోల బరువు) చెక్కి ఉంటుంది, చాలావాటి మీద నిలువు, అడ్డం, గేటు తెరిచినప్పటి బలం మూడూ ఉంటాయి. ఏ అంకే లేనిదాన్ని తాళంచెవులకే వాడుకోండి.

కొసకు ఇంకోటి. నడుము రింగులకు తగిలించి మాను చుట్టూ వేసుకునే సర్దుబాటు పట్టీ 2-3 మీటర్లది ఉండాలి. కోసే సమయంలో ఎక్కే తాడు, ఈ పట్టీ రెండూ తగిలించే ఉండాలి. చైన్‌సా వాడితే లోపల ఉక్కు తీగ ఉన్న పట్టీ తీసుకోండి. చైన్‌సా పొరపాటున తగిలితే మామూలు పట్టీ ఒక్క క్షణంలో తెగుతుంది, ఉక్కుతీగది కాస్త ఆగుతుంది. అది కూడా రంపాన్ని ఆపేస్తుందని అనుకోవద్దు.

తాడు వేసే కొమ్మ బతికి ఉండాలి, మానులో కలిసే చోట 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఎక్కేముందు ఇద్దరు మనుషులు కింది నుంచి తాడుకు వేలాడి చూడాలి. చింత, వేప కొమ్మలు వంగి చెబుతాయి. గుల్‌మొహర్, పచ్చతురాయి చెప్పకుండా విరుగుతాయి. మునగ సంగతి సామెతలోనే ఉంది కదా!

ప్రశ్న: తాటిచెట్టు మోకుతో ఎక్కడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కొత్త కిట్టుతో ఆలస్యం అవుతోంది. మోకు ఒక్కటీ సరిపోదా? (నల్గొండ జిల్లా గీత కార్మికుడు)

జవాబు: మాను మీద ఉన్నంతసేపూ మోకు (మానునూ నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు) బాగానే పనిచేస్తుంది. మీ బరువే దాన్ని చెట్టుకి బిగిస్తుంది, గుజి (కాళ్లకు వేసుకునే ఉచ్చు) పాదాలను జారనివ్వదు. ప్రమాదం మట్టల దగ్గర. లోపలికి వెళ్లడానికి మోకు విప్పిన ఆ కాసేపు మిమ్మల్ని చెట్టుకి కట్టి ఉంచేది ఏదీ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో లష్కర్‌గూడలో మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కవచం కిట్టులో బెల్టు, తాళ్లు, క్లిప్పులు ఉన్నది ఇందుకే. మోకు మానేయమని ఎవరూ అనడం లేదు. మోకు విప్పకముందే రెండో తాడు మానుకి పడి, బెల్టుకి తగిలించి ఉండాలి. దిగేటప్పుడు మోకు తిరిగి వేసుకున్నాకే దాన్ని తీయాలి. మట్టకి మాత్రం తగిలించకండి, ఎండిన మట్ట మొదలంటా ఊడి వస్తుంది. తాటిమాను గరుకు కాబట్టి తాడు లోపలివైపు అరుగుతుంది, రోజూ అటు తిప్పి చూడండి. రెండు మీటర్ల ఎత్తులో కొన్నాళ్లు సాధన చేస్తే చెయ్యి అలవాటుపడి ఆలస్యం తగ్గుతుంది.

ప్రశ్న: దింపు కార్మికులు దొరకడం లేదు. కొబ్బరిచెట్టు ఎక్కే యంత్రం కొందామనుకుంటున్నాం. నమ్మవచ్చా? (అమలాపురం రైతు)

జవాబు: నమ్మవచ్చు, బెల్టుతో కలిపి. ఎక్కువగా అమ్ముడయ్యేది కేరళలో పుట్టిన చెంబేరి రకం, రెండు కాళ్లకీ రెండు చట్రాలు. ఒక్కోదానికి ఉక్కుతాడు ఉచ్చు మానును పట్టుకుంటుంది. ఆ పట్టు మీ పాదం బరువు మీదే ఆధారపడుతుంది. బరువు పక్కకి పోతే పట్టు వదులవుతుంది. అందుకే మానుకి విడిగా చుట్టిన బెల్టు తప్పనిసరి. మొదట్లో మాను లావు, పైకి పోయేకొద్దీ సన్నం. ఉచ్చు సర్దుకోకుండా పైకి పోతే చట్రం తల వాల్చేస్తుంది. ఉక్కుతాడులో తీగలు విడి ముళ్లలా లేస్తే ఆ రోజే మార్చండి. వానకి నాచు పట్టిన మాను, బాగా వాలిన చెట్టు, రెండింటికీ యంత్రం వద్దు.

ప్రశ్న: బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లతో ఎక్కడం తేలిక అంటున్నారు. నిజమేనా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: నరికేసే చెట్టుకైతే నిజమే. కొమ్మలు మాత్రమే కత్తిరించి చెట్టును ఉంచుకోదలిస్తే వద్దు, ప్రతి గుచ్చులోంచీ పుచ్చు దిగుతుంది. కొబ్బరి, తాటి మాన్లకి గాయం ఎన్నటికీ పూడదు.

ప్రశ్న: కరెంటు తీగల పక్క కొమ్మను వెదురుతో తోసి కొట్టవచ్చా? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: వద్దండి. పచ్చి వెదురు, పచ్చికొమ్మ, తడిసిన తాడు, మూడూ కరెంటును పంపుతాయి. తీగకు మూడు మీటర్ల లోపు ఏ పనైనా లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనిచేసేందుకు అనుమతి) తీసుకుని సరఫరా ఆపాకే. ఫోన్‌లో ‘ఆపేశాం’ అంటే నమ్మి ఎక్కకండి, అతను చెట్టు దగ్గర ఉండాలి.

ప్రశ్న: ఎక్కే తాడు ఎన్నేళ్లు వాడవచ్చు? (అనంతపురం పాఠకుడు)

జవాబు: తయారీదారులు చాలామంది గరిష్ఠంగా పదేళ్లు అంటారు, అదీ వాడకుండా ఉంచినా సరే. రోజూ వాడితే అంత కాలం ఎలాగూ రాదు. తాడంతా చేతుల్లోంచి మెల్లగా పోనిస్తూ, ప్రతి చోటా చిన్న ఉచ్చులా వంచి చూడండి. వంపు గుండ్రంగా రావాలి. ఎక్కడైనా ముక్కుగా విరిగినట్టు వంగినా, లోపల ఖాళీ తగిలినా లోపలి పోగులు తెగాయన్నమాట. పైతొడుగు మెరుస్తూ గట్టిపడితే వేడికి కరిగిందని. బ్యాటరీ యాసిడ్ తగిలిన తాడు పైకి బాగానే కనిపిస్తుంది, దాన్ని పరీక్షించకుండానే తీసేయండి. ఉతకాలంటే చల్లటి నీళ్లు, మెత్తటి సబ్బు, నీడలో ఆరబెట్టడం.

తీసేసిన తాడును గేదెల కొట్టంలో ఉంచితే ఎవరో ఒకరు మళ్లీ చెట్టుకి పట్టుకెళతారు. రెండు మీటర్లకు తక్కువ ముక్కలుగా కోసేయండి.