కొత్తగా పాస్టర్‌వైన మేనకోడలికి

బిడ్డా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఆ సంఘంలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే డిసెంబరు 3 దివ్యాంగుల దినోత్సవానికి దగ్గరి ఆదివారం చర్చిలో పెద్ద కార్యక్రమం పెడుతున్నావట. ముప్ఫై మందిని పిలుస్తున్నావట. శాలువాలు, దుప్పట్లు, ఇద్దరికి వీల్‌చెయిర్లు, ఎమ్మెల్యే గారి ప్రసంగం. వింటుంటే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

మీ అత్తమ్మకు చెప్తే, "ముందు పొగడండి, తిట్లు తర్వాత రాద్దురు" అంది. పొగడ్త అయిపోయింది.

ఆ ముప్ఫై మంది తర్వాతి ఆదివారం ఎక్కడ కూర్చుంటారు? నాకు ముందుగా అదే గుబులు. శాలువా కప్పించుకుని ఫోటో దిగినవాళ్ళు మళ్ళీ చర్చి గడప తొక్కకపోతే, మనం పిలిచింది ఫోటో కోసమే అన్నట్టు అవుతుంది. ఇచ్చేది మనం, పుచ్చుకునేది వాళ్ళు అని కూడా అనుకోకు. మేం ఇప్పుడు వెళ్ళే సంఘంలో చూపు లేని పెద్దాయన ఒకాయన ఉన్నాడు. దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు చేతికి రాగానే కవర్లో 402 పెట్టి కానుక సంచిలో వేస్తాడు. "దశమభాగం 401 రూపాయల 60 పైసలే కదన్నా" అంటే, "ఆ నలభై పైసలు దేవుని దగ్గరే ఉండనీ అయ్యగారూ, చిల్లర అడగను" అంటాడు. ఆయనకు దుప్పటి కాదు, వాక్యం చదివే వంతు ఇవ్వాలి. బ్రెయిలీ రాకపోయినా ఆడియో బైబిలు వింటూ కీర్తనలు కంఠతా పట్టాడు.

ఇక ర్యాంపు. ఇది సరిగ్గా చదువు. మీ చర్చికి నాలుగు మెట్లని మీ అమ్మ చెప్పింది. మెట్టు ఆరంగుళాలనుకుంటే ఎత్తు రెండడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి, అంటే ఇరవై నాలుగు అడుగులు. కమిటీవాళ్ళు "అంత ఎందుకమ్మా, ఎనిమిదడుగులు చాలు" అంటారు. ఎనిమిదడుగుల ర్యాంపు మీద బైకులు ఎక్కుతాయి. వీల్‌చెయిర్‌ను తోసేవాడికి నడుము విరుగుతుంది, దిగేటప్పుడు కూర్చున్న మనిషి బోర్లా పడుతుంది. స్థలం చాలకపోతే మధ్యలో మలుపు తిప్పించు, మలుపు దగ్గర ఐదడుగులు చదునుగా వదిలించు. నున్నటి గ్రానైట్ వద్దు, గరుకు సిమెంటే మేలు. రెండు పక్కలా పైపులు పెట్టించు. కట్టాక దాని మీద చెప్పులు గుట్టగా పోయకుండా ఒకరికి కాపలా అప్పజెప్పు. నవ్వకు, నేను కళ్ళారా చూశాను.

నేనింత పట్టు ఎందుకు పడుతున్నానో నీకు తెలుసు. పక్షవాతం వచ్చాక మీ అత్తమ్మను నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా మా చర్చి ఏడు మెట్లూ ఎత్తుకుని తీసుకెళ్ళేవాళ్ళు. మంచి పిల్లలు. కానీ ఎత్తిన ప్రతిసారీ ఆమె నా చేయి పట్టుకునేది, గోళ్ళు దిగేవి. ఒక ఆదివారం ఒకడి కాలు జారింది. పడలేదు, ఒరిగింది అంతే. ఆ రోజు నుంచి లోపలికి రానంది. వేపచెట్టు కింద కారులో కూర్చుని మైకులో ఆరాధన వింటుంది. పాస్టర్ అయ్యగారు ప్రభువు సంస్కారం, ఆ రొట్టే ద్రాక్షారసమూ, కారు దగ్గరికే తెచ్చి ఇస్తారు. మొన్న అంది, "లోపల పాత బెంచీల వాసన, మల్లెపూల వాసన కలిసి ఒకటి వస్తుంది చూడండి, అది మర్చిపోతున్నా" అని.

మిగతావి నీకు తెలిసినవే. వినపడనివాళ్ళను వెలుతురు ఉన్న ముందు వరసలో కూర్చోబెట్టు, మాట్లాడేటప్పుడు మైకు నోటికి అడ్డం పెట్టకు. చూపు లేనివాళ్ళ చేయి పట్టి లాగకు, నీ మోచేయి అందించు, వాళ్ళే పట్టుకుంటారు. సౌండ్ బాక్సుల మోత తగ్గించు. ఆ మోతకు తట్టుకోలేక చెవులు మూసుకునే పిల్లలుంటారు, వాళ్ళ కోసం వెస్ట్రీ గది, అదే పాస్టరు అంగీ మార్చుకునే గది, తలుపు తీసి ఉంచు. వీల్‌చెయిర్ ఒక్కటే కళ్ళ ముందు పెట్టుకోకు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 ఉన్నాయి, అందులో సగం పైకి చూస్తే కనపడవు. ఇంకోటి, ఎవరి అనుమతీ లేకుండా నెత్తిన చేతులు పెట్టి స్వస్థత ప్రార్థన మొదలుపెట్టకు. దావీదు రాజు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న యోనాతాను కొడుకు మెఫీబోషెతు, 2 సమూయేలు 9వ అధ్యాయం మొదట్లోనూ కుంటివాడే, చివర్లోనూ కుంటివాడే. దావీదు అతని కాళ్ళు బాగయ్యేదాకా ఆగి భోజనానికి పిలవలేదు.

ఇప్పుడు మీ అమ్మకు కూడా చెప్పని సంగతి.

కొత్తగా అయ్యగారినైన రోజుల్లో ఒకసారి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో రోగం నయమైనవాళ్ళకు సంస్కారం ఇచ్చాను. వేళ్ళు లేని అరచేతుల్లో రొట్టె ముక్క జారిపోకుండా పెట్టాను. ఒక్క క్షణం కూడా వెనకాడలేదని లోపల ఎంత గర్వపడ్డానో. ఆ గర్వం తగ్గకముందే, 1987లో, ఇంకో ఊళ్ళో ఉన్నాను. అక్కడ పదహారేళ్ళ పిల్లాడు ఒకడుండేవాడు, బుద్ధిమాంద్యం. అందరూ చిన్నా అనేవాళ్ళు. తల్లి ఇళ్ళలో పనిచేసేది, తండ్రి లేడు. సంస్కారం పుచ్చుకోవడానికి ముందు పిల్లలకు పెట్టే నిర్ధారణ క్లాసుకు వాడూ వచ్చి కూర్చునేవాడు. పది ఆజ్ఞలు చెప్పమంటే నవ్వేవాడు. విశ్వాస ప్రమాణం మొదటి మాట దగ్గరే ఆగిపోయేవాడు. బిషప్ గారు వచ్చినప్పుడు మిగతా పిల్లలందరినీ నిలబెట్టాను, వాణ్ణి నిలబెట్టలేదు. "వాడికేం అర్థమవుతుందమ్మా" అన్నాను తల్లితో. ఆమె సరే అంది.

తర్వాతి నెల మొదటి ఆదివారం సంస్కారానికి తల్లి పక్కనే వాడూ వచ్చి మోకరించాడు. ఎడమ చేతి మీద కుడి చేయి పెట్టి అరచేయి చాపాడు. నేను క్లాసులో నేర్పించిన పద్ధతి. మిగతా పిల్లల్లో సగం మంది అది సరిగ్గా పెట్టలేదు, వాడు పెట్టాడు. నేను పళ్ళెం దాటించి, వాడి తల మీద చేయి పెట్టి ఆశీర్వదించి ముందుకు వెళ్ళాను. రెండడుగులు వేసి వెనక్కి చూస్తే ఆ చేతులు అలాగే ఉన్నాయి. అరచేతిలోకి చూసుకున్నాడు, తల్లి అరచేతిలోకి చూశాడు. ఆమె తన ముక్కలో సగం తుంచి వాడి చేతిలో పెట్టింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, నలుగురిలో, ఆమెను మందలించాను. ప్రభువు బల్లకు ఒక క్రమం ఉంటుందమ్మా అని. ఆమె ఒక్క మాటా అనలేదు. వంగి వాడి చెప్పులు వాడికి తొడిగి, చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం ఎనిమిదిన్నర దాటినా గంట మోగలేదు. ఎవరు కొట్టాలి అని అడిగితే చర్చి కాపలాదారు నా ముఖం చూసి, "రోజూ చిన్నాయే కొడతాడు కదయ్యగారూ" అన్నాడు. నేను అక్కడ రెండేళ్ళుగా ఉన్నాను, ఆ గంట ఎవరు కొడుతున్నారో నాకు తెలియదు.

రెండు నెలలకు వాళ్ళను వెతుక్కుంటూ ఆమె తమ్ముడి ఊరు వెళ్ళాను. చాయ్ ఇచ్చింది. చిన్నా నన్ను గుర్తుపట్టి, లేచి నిలబడి, గాలిలో తాడు లాగాడు, రెండు చేతులతో, పైనుంచి కిందికి. "ఈ ఊరి గుళ్ళో గంట లేదండి" అంది తల్లి. నేను "మళ్ళీ రండమ్మా" అన్నాను. తప్పు నాదని అనలేదు. బస్సు ఎక్కేదాకా అనాలనుకుంటూనే ఉన్నాను. తర్వాత వాళ్ళు ఏమయ్యారో తెలియదు.

అర్థమైనవాళ్ళకే ఈ బల్ల అనుకున్నాను కదా. లూకా 22 తీసి చూడు. ప్రభువు రొట్టె విరిచి ఇచ్చిన ఆ రాత్రే, ఆ బల్ల దగ్గరే, మనలో ఎవడు గొప్పవాడని శిష్యులు వాదించుకున్నారు. వాళ్ళకేం అర్థమైందని ఇచ్చాడు? నేను ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగం చేశానో లెక్కలేదు, ఈ సంగతి తట్టింది మాత్రం రిటైరయ్యాక.

మీ చర్చిలో గంట ఎవరు కొడతారు? కనుక్కుని రాయి.

కార్యక్రమం మానేయమని కాదు. ఎమ్మెల్యే గారిని మర్యాదగా వద్దను, చేతకాకపోతే నా పేరు చెప్పు. ఆ ముప్ఫై మందిలో ఇద్దరు ముగ్గురి ఇళ్ళకు ఈ వారమే వెళ్ళు, శాలువా లేకుండా. ఏం కావాలో వాళ్ళనే అడుగు. వైకల్య సర్టిఫికెట్ పని పడితే సంఘంలో చదువుకున్న కుర్రాణ్ణి ఎవరినైనా తోడు పంపు. అలా తిరిగితే చలికాలం కదా, స్వెట్టర్ మర్చిపోకు. నీకు చిన్నప్పటి నుంచీ దగ్గు.

ఆ ఆదివారానికి మేమిద్దరం వస్తున్నాం. మీ అత్తమ్మ లోపలికి వస్తానంది, తనంతట తానే అంది. ర్యాంపు అప్పటికి కాదని నాకు తెలుసు. పక్క తలుపు దగ్గర ఒకటే మెట్టు ఉందట కదా, అక్కడ ఒక పొడవాటి చెక్క వేయించు చాలు. ఆమె కుర్చీ చక్రం అంచు నుంచి చక్రం అంచుకు 25 అంగుళాలు. ఆ తలుపు టేపు పెట్టి కొలిచి ఫోన్ చెయ్యి. రెండు రెక్కలూ తెరిచి కొలువు, పైగడియ తుప్పు పట్టి ఉంటే నూనె వేయించు.

నీ మామ