తలుపు వేసింది నేనే

ప్రశ్న: సిస్టర్ గారూ, నాకు మొదటి కాన్పు అయి పదకొండు నెలలైంది. లేబర్ రూమ్‌లోకి మా అమ్మను రానివ్వలేదు. తొమ్మిది గంటలు వెల్లకిలా పడుకోబెట్టారు. గొంతు ఎండిపోతోందన్నా గుక్కెడు నీళ్లు ఇవ్వలేదు. బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర కోత పెట్టిన సంగతి కుట్లు వేస్తున్నప్పుడే తెలిసింది. ఎవరికి చెప్పినా "నువ్వూ బిడ్డా బాగున్నారుగా, ఇంకేం కావాలి?" అంటున్నారు. నాలాంటి వాళ్లం ఆరుగురం కలిశాం. ఆసుపత్రి వాళ్లను పద్ధతి మార్చుకోమని అడగాలనుంది. డాక్టర్ల మీద దండయాత్రకు వచ్చామనుకుంటారేమోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చదివి ఒకరోజంతా పక్కన పెట్టేశానమ్మా. మీ అమ్మగారిని బయట నిలబెట్టిన సిస్టర్ లాంటిదాన్నే నేనూ. ఇరవై ఆరేళ్లు లేబర్ రూమ్‌లో పనిచేశాను. "బయట కూర్చోండి, అయ్యాక పిలుస్తాం" అని ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. నొప్పులతో ఎవరొచ్చినా షేవింగ్, ఎనిమా, సెలైన్ అయ్యాకే మిగతా సంగతి. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. షేవింగ్, ఎనిమాల మీద బ్రిటన్‌లో రామ్నీ అనే పరిశోధకురాలు 1980, 81లలోనే పరీక్షలు చేసి, అందరికీ చేయాల్సిన అవసరం లేదని చూపించారు. అది నా చెవిన పడేసరికి నా సర్వీసు సగం అయిపోయింది.

"బాగున్నారుగా" అనేవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోకండి. ప్రాణం దక్కడం, మర్యాద దక్కడం రెండూ కావాలనుకోవడం అత్యాశ కాదు. 1960లో బ్రిటన్‌లో శాలీ విల్లింగ్‌టన్ అనే తల్లి ఆసుపత్రిలో తనకు జరిగింది పత్రికలకు ఉత్తరంగా రాసింది. నాకూ ఇంతే, నాకూ ఇంతే అంటూ మిగతా తల్లులు కలిశారు. ఆ సంఘానికి మొదట పెట్టుకున్న పేరు 'గర్భిణుల పట్ల క్రూరత్వ నివారణ సంఘం'. పేరు ఘాటే! తర్వాత మార్చుకున్నారు. అది ఎయిమ్స్ (మన ఢిల్లీ ఆసుపత్రి కాదు, కాన్పు సేవలు బాగుపడాలని అడిగే బ్రిటన్ సంఘం) అనే సంస్థగా నిలబడింది.

ఇక మీ పని. నాలుగూ ఒకేసారి అడగకండి, ముందు తోడు ఒక్కటే అడగండి. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఆధారాలు కూడా గట్టివి. వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష 26 పరిశోధనల్లోని పదిహేను వేలమందికి పైగా స్త్రీల వివరాలు కలిపి చూసింది. నొప్పుల్లో పక్కన ఒక మనిషి ఉన్నవాళ్లకు మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పి మందుల వాడకం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లోనూ ప్రతి స్త్రీకీ తను కోరుకున్న తోడు ఉండాలని ఉంది.

నాకు మాత్రం ఈ సంగతి లెక్కలకన్నా ముందు ఒక రాత్రి అర్థమైంది. డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. ఒకమ్మాయి మంచం పక్క ఇనుప కడ్డీని వేళ్లు తెల్లబడేలా పట్టుకుని ఉంది. వాళ్ల అక్క ఎలా వచ్చిందో లోపలికి వచ్చేసి, చెల్లెలి నడుం కింద అరచేతితో నొక్కుతూ కూర్చుంది. పంపేద్దామని దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి వేళ్లు ఒక్కొక్కటే కడ్డీ మీంచి వదులయ్యాయి. నోరు మెదపకుండా వెనక్కి వచ్చేశాను. అక్క మెడ పట్టుకుని, మోకాళ్ల మీద ఉండే కన్నది. మర్నాడు డ్యూటీకి వెళ్లి మళ్లీ తలుపు వేశానా? వేశాను. రూల్ రూలే మరి.

అందుకే చెబుతున్నా, మొదట సూపరింటెండెంట్ దగ్గరికి కాదు, హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్లండి. రూల్ ఎక్కడ సడలుతుందో ఆవిడకు తెలుసు. "చోటు లేదు, పక్క మంచాల వాళ్లకు ఇబ్బంది" అంటారు. అది నిజమే కావచ్చు. మంచానికో కర్ర తెర, మనిషికి ఒక్కరే తోడు అని మీరే రాసి తీసుకెళ్లండి. మీ ఆరుగురి అనుభవాలూ రాయండి, కానీ "చాలాసేపు" అని కాదు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని. మొదటి కాన్పుల్లో నూటికి ఎంతమందికి కోత పెట్టారో చెప్పమని అడగండి. కోత పెట్టడం తప్పనిసరయ్యే సందర్భాలుంటాయి, చెప్పి పెట్టాలి. అందరికీ వరసగా పెట్టడమే తప్పు. నీళ్ల సంగతి, పడుకునే భంగిమ సంగతి కూడా అదే 2018 పుస్తకంలో ఉన్నాయి, రెండో విడతకు దాచుకోండి.

ఒక్క మాట కటువుగా చెబుతాను. "సహజం" అనే మాటను కర్రలా పట్టుకుని వెళ్లకండి. బిడ్డ పుట్టగానే రక్తస్రావం ఆగడానికి తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వమని చెప్పేదీ ఆ ఆధారాలే. అది వద్దని అడిగారో, నేను మీ పక్షాన ఉండను.

ప్రశ్న: సిజేరియన్లు 10–15 శాతం మించకూడదట కదా. మా ఆసుపత్రిలో చాలా ఎక్కువ. ఆ అంకెతోనే నిలదీయవచ్చా?
– మరో పాఠకురాలు

జవాబు: వద్దు. ఆ అంకె 1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజా సమావేశంలో వచ్చింది. అది మొత్తం జనాభాకు చెప్పిన మాట, ఒక్క ఆసుపత్రికి కాదు. కష్టమైన కేసులన్నీ చేరే చోట సిజేరియన్లు ఎక్కువే ఉంటాయి. అవసరమైన ప్రతి స్త్రీకీ సిజేరియన్ అందాలే గానీ ఒక అంకెను అందుకోవడం లక్ష్యం కాకూడదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. దానికి బదులు రాబ్సన్ వర్గీకరణ ప్రకారం లెక్క చెప్పమనండి. అందులో కాన్పులను పది గుంపులు చేస్తారు. మొదటి గుంపు చూడండి: తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్లు. ఇక్కడ సిజేరియన్లు ఎక్కువుంటే ఎందుకని అడగాల్సిందే. "కాన్పు ముందుకు సాగలేదు" అంటారు. గర్భాశయ ముఖద్వారం గంటకో సెంటీమీటర్ తెరుచుకోవాలనే పాత కొలత కొందరికి కుదరదనీ, అదొక్కటే చూసి తొందరపడొద్దనీ, అసలు జోరు 5 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో 2018 నుంచి ఉంది. ఆ గుంపులో 5 రాకముందే "సాగలేదు" అని రాసినవి ఎన్నో తీయమనండి. కేసు షీటులో టైముతో సహా ఉంటుంది, రాసేది మేమే కదా.