అల్లుడా, ఎఫ్‌సీకి అద్దె టైర్లు వద్దు

చిరంజీవి మహేష్‌కు,

మామ ఆశీస్సులు. పలమనేరులో లారీ బేరం కుదిరిందని, అడ్వాన్సు కూడా ఇచ్చేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. తొమ్మిదేళ్ళ బండి అట, మామిడి సీజన్‌కు రోడ్డెక్కించాలని చూస్తున్నావట. వచ్చే నెలలో ఎఫ్‌సీ, అదే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు తీరిపోతుందని, దాని సంగతి ఎవరో చూసుకుంటారని, ఆ రోజుకు మంచి టైర్లు కూడా వాళ్ళే తెచ్చి బిగిస్తారని అన్నావట. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదురా. అందుకే ఈ ఉత్తరం.

ఆ పని చేయొద్దు. చిత్తూరులో షెడ్డు పెట్టినప్పటి నుంచి ఈ తంతు చూస్తూనే ఉన్నా. తనిఖీ రోజున నిగనిగలాడే టైర్లు, కొత్త రేడియం స్టిక్కర్లు, వెలిగే లైట్లు. మర్నాడు టైర్లు విప్పేసి అరిగిపోయినవే మళ్ళీ వేస్తారు. కాగితం చేతికొస్తుంది, బండి మాత్రం నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుంది. ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే ఆ కాగితం ఆపుతుందా?

చట్టం సంగతి ముందు తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 1988లో 56వ సెక్షన్ ప్రకారం, ఎఫ్‌సీ లేని రవాణా బండికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే లెక్క. కొత్త బండికి మొదట రెండేళ్ళు ఇస్తారు. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఎనిమిదేళ్ళు దాటితే ఏటా చేయించాలి. నీది ఏటా చేయించాల్సిన బండి. ఎఫ్‌సీ లేకుండా తిరిగి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళకు కొర్రీ పెట్టడానికి ఆ ఒక్కటి చాలు. కోర్టు చుట్టూ తిరిగేది నువ్వే, ఇల్లు తాకట్టు పెట్టేదీ నువ్వే.

అయినా జరిమానాకు భయపడి చేయించమని చెప్పడం లేదు. నువ్వు ఏ రోడ్డు మీద తిప్పబోతున్నావో ఆలోచించు. పలమనేరులో లోడు ఎత్తితే చిత్తూరుకు రావాలంటే మొగిలి ఘాట్ దిగాల్సిందే. 2024 సెప్టెంబర్‌లో అక్కడే బస్సు, లారీలు ఢీకొని ఎంతమంది పోయారో నీకూ తెలుసు. ఇటు తిరుపతి నుంచి పీలేరు వైపు పోతే భాకరాపేట ఘాట్. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు అక్కడే లోయలో పడింది. దానికి అతివేగమే కారణమన్నారు. బండి ఎంత బాగున్నా తోలే మనిషి తొందరపడితే తనిఖీ కాపాడలేదు, అది నిజమే. కానీ బ్రేకే పట్టని బండిలో ఎంత నిదానస్తుడైనా ఏం చేయగలడు?

బ్రేకు దగ్గర కాసేపు ఆగుతా. నా అనుభవంలో పాత బండిని నమ్మి చెడేది అక్కడే. బండి కొన్న రోజునే, ఎఫ్‌సీ కోసం కాదు నీకోసం, ఈ పని చెయ్. సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, బ్రేకును పనిచేయించే గాలి ట్యాంకులో నిండేదాకా ఇంజన్ నడుపు. ఇంజన్ ఆపు, హ్యాండ్ బ్రేక్ తీసెయ్. ఇప్పుడు పెడల్ నిండా తొక్కి పట్టుకుని గేజ్ చూడు. ముల్లు మెల్లగా కిందికి జారుతోందంటే ఎక్కడో గాలి పోతోంది. క్లీనర్‌ను కిందికి పంపి చెవి పెట్టి వినమను, చక్రం చక్రానికీ. సుయ్‌మని చప్పుడు వచ్చిందా, అక్కడ గాలి ఒత్తిడిని బ్రేకుకు అందించే రబ్బరు పొర, అదే డయాఫ్రమ్, చిరిగిందనో, పైపు ఒరుసుకుపోయిందనో అర్థం. గాలి ట్యాంకు కింద వాల్వు లాగి చూడు. నీళ్ళతో పాటు నల్లటి ఆయిల్ కారితే గాలి నింపే కంప్రెసర్ పని అయిపోవచ్చిందన్నమాట. ఇవన్నీ చూడటానికి అరగంట పట్టదు. రూపాయి ఖర్చు లేదు.

బ్రేకు లైనర్లు, వాటి ఎడం సరిచేసే స్లాక్ అడ్జస్టర్ నీ అంతట నువ్వు చూసినా, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ పట్టు సమానంగా ఉందా అనేది కంటికి తెలియదు. మంచి మెకానిక్ కూడా అటూ ఇటూ తోలి, ఏ పక్కకు లాగుతోందో చూసి అంచనా కడతాడు, అంతే. ఇప్పుడు ఏటీఎస్‌లలో, అదే యంత్రాలతో బండ్లను తనిఖీ చేసే కేంద్రాల్లో, రోలర్ల మీద చక్రాలు తిప్పి, ఒక్కో చక్రానికి బ్రేకు ఎంత బలంగా పట్టుతోందో లెక్క తీస్తారు. ఆ తేడా ఎండాకాలం పొడి రోడ్డు మీద బయటపడదు. వాన పడ్డ ఘాట్ మలుపులో బ్రేకు తొక్కినప్పుడు బండిని పక్కకు లాగేసేది అదే. ఆ యంత్రం తప్పు పట్టిందంటే నీకు మేలు చేసిందనుకో. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పద్ధతిగా చూసి రాసిచ్చినా అంతే. దాన్ని తప్పించుకోవడానికి ఎవడికో డబ్బులిచ్చావంటే, నీ బండిలో రోగం ఏమిటో నీకు చెప్పొద్దని డబ్బులిచ్చినట్టే.

టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని రూలు. లోడు బండికి అంతదాకా ఆగకు, ముందే మార్చెయ్. బటన్ వేయించిన టైరు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినది, ముందు చక్రాలకు వేయకు, ఎంత చవకైనా సరే. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో నిలవదు. వెనక జోడీల్లో లోపలి టైరును ఎవరూ చూడరు. గాలి ఉందో లేదో రాడ్డుతో కొట్టి శబ్దం విను. జాకీ పెట్టి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. లూజు ఉంటే ముందు చక్రం పక్కకు తిరిగే కీలు, అదే కింగ్ పిన్ సంగతో, బేరింగ్ సంగతో చూడాలి.

రేడియం టేపు చిన్న విషయం కాదు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డులో రాత్రిపూట లైట్లు లేకుండా ఆగిన లారీని వెనక నుంచి కారు గుద్దితే ఎలా ఉంటుందో, ఆ కారును షెడ్డుకు లాక్కొచ్చిన వాళ్ళను అడుగు. బండి బరువు మోసే కమాన్ పట్టీ విరిగితే వెల్డింగ్ పెట్టించకు, మార్చు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు లోడుతో రోజుల తరబడి లైన్లో నిలబడే బండికి పట్టీల మీదే బరువంతా. ఒక ట్రిప్పు కలిసొస్తుందని ఓవర్‌లోడు ఎత్తావంటే, మనం ఇంతసేపూ చూసుకున్న బ్రేకు ఆ బరువుకు చాలదు.

ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్‌ను ఉంచుకోకు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే దింపితే డ్రమ్ములు కాలిపోయి, చివరి మలుపుకు వచ్చేసరికి తొక్కినా పట్టు ఉండదు.

వచ్చే ఏడాది తిరుపతిలో యాత్రికుల బస్సు కూడా కొంటానన్నావట. అప్పుడు మాట్లాడుకుందాం, కానీ ఒక్కటి ఇప్పుడే చెప్తా. 2013లో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టును గుద్ది తగలబడితే 45 మంది పోయారు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్ళీ అదే ఘోరం. బతికినవాళ్ళలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డవాళ్ళే. అందుకని బస్సు కొనేటప్పుడు సీటు మెత్తగా ఉందా, ఏసీ చల్లగా ఉందా అని చూసే ముందు, అత్యవసర ద్వారాన్ని నీ చేత్తో తెరిచి చూడు. దానికి అడ్డంగా సీటు వేసి ఉంటే ఆ బస్సు వద్దు. సుత్తులు ఉన్నాయా, నిప్పు ఆర్పే సిలిండర్ తేదీ దాటిందా చూడు. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ముసలీ ముతకా, పిల్లాపాపలతో వస్తారు. ఏ బస్సు ఎక్కాలో వాళ్ళకు ఏం తెలుస్తుంది? మనల్ని నమ్మి ఎక్కుతారు.

ట్యాక్సు, ఇన్సూరెన్స్, పొల్యూషన్, పర్మిట్ కాగితాలు, చలాన్ల బాకీ ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. అది పెద్ద పని కాదు.

రిజిస్ట్రేషన్ నీ పేరు మీదికి మారగానే, ఎఫ్‌సీ తేదీకి కనీసం రెండు వారాలు ముందు, బండి నా షెడ్డుకు తీసుకురా. లోడు లేకుండా రా. వచ్చే ముందు కింద అంతా వాటర్ సర్వీస్ చేయించు. గ్రీజు, మట్టి పేరుకుపోయి ఉంటే ఛాసిస్ మీద పగులు కనిపించదు. ఆ టైర్లు తెస్తానన్న మనిషికి ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పు.

మీ మామ,
చిత్తూరు