విపత్తు పునరుద్ధరణ

సందేహం: మాదాపూర్‌లో డేటాబేస్ సర్వర్లు చూసే ఉద్యోగం నాది. ఒక సహకార బ్యాంకు శాఖల సిబ్బంది కోసం మా సర్వర్ల ప్రణాళికను తెలుగులో రాశాం. ‘హై అవైలబిలిటీ’కి ‘అధిక లభ్యత’, ‘డిజాస్టర్ రికవరీ’కి ‘విపత్తు పునరుద్ధరణ’, స్టాండ్‌బై సర్వర్‌కీ బ్యాకప్‌కీ ‘నకలు’ అని పెట్టాం. చదివినవాళ్ళు అర్థం కాలేదన్నారు. తప్పెక్కడుంది? – ఒక పాఠకురాలు, మియాపూర్

సమాధానం: మీ బ్యాంకువాళ్ళ చెవి మంచిదమ్మా. చెరువుల పునరుద్ధరణ అంటే పూడిన చెరువును బాగుచెయ్యడం. ఆలయ పునరుద్ధరణ అంటే శిథిలమైన గుడిని నిలబెట్టడం. ఉద్ధరణ అంటేనే పైకెత్తడం. ముందు ఏ మాట ఉంటే దాన్నే మళ్ళీ పైకెత్తుతున్నట్టు తోస్తుంది. ఆ లెక్కన మీ ప్రణాళిక విపత్తునే తిరిగి తెచ్చిపెడుతోంది. ‘దొంగ వలన భయం’ దొంగభయం అయినట్టు దీన్నీ పంచమీ తత్పురుషగా విప్పుకోవచ్చు కదా అంటారా? విప్పుకోవచ్చు. కానీ విగ్రహవాక్యం చెబితే తప్ప తెలియని సమాసం, అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు కాగితం తిరగేసే మనిషికి ఏం సాయపడుతుంది? దేన్ని పునరుద్ధరిస్తారో ఆ మాట చేర్చండి: ‘విపత్తు తర్వాత సేవల పునరుద్ధరణ’. నాలుగు మాటలైనా ఫరవాలేదు.

నాకైతే ‘తేరుకోవడం’ ఇంకా ఇష్టం. చిల్లగింజను కుండ లోపల అరగదీసి బురదనీళ్ళు పోస్తే మట్టి అడుగుకు దిగి, పైనీళ్ళు తేరుతాయి. ఆ తేరడమే తేరుకోవడం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద నుంచి హైదరాబాదు తేరుకుంది అంటాం. డేటాను మీరు పునరుద్ధరిస్తారు, బ్యాంకు తేరుకుంటుంది. చేసేవారు ఒకరు, కోలుకునేది మరొకటి అన్న తేడా తెలుగు క్రియల్లోనే ఉంది, వాడుకోండి.

ఇక ‘అధిక లభ్యత’. ఎరువుల లభ్యత, నీటి లభ్యత అన్నప్పుడు ఎంత దొరుకుతుందన్నది లెక్క. సర్వర్ దగ్గర లెక్క పరిమాణానిది కాదు, కాలానిది. 99.9 శాతం కాలం నడుస్తుంది అంటే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు, 99.99 అయితే 52 నిమిషాలే. కాబట్టి ‘నిరంతర సేవ’ అనండి. అంతరం లేనిదే నిరంతరం, 52 నిమిషాలు ఆగేదాన్ని అలా అనవచ్చా అనే ప్రశ్న న్యాయమైనదే. నిరంతర విద్యుత్తు అన్నప్పుడు కాసేపు కరెంటు పోయినా ఆ మాట చెల్లుతోంది. వాడుక అంతవరకు ఒప్పుకుంటుంది. పక్కన ఆ నిమిషాల అంకె రాస్తే ఎవరూ మోసపోరు.

నన్ను నిజంగా కలవరపెట్టింది మూడో మాట, ‘నకలు’. ఒక యంత్రం చెడితే పక్కనే ఉండి దాని పనిని అందుకునేది స్టాండ్‌బై. ఎవరో పొరపాటున ఖాతాల పట్టికను చెరిపేస్తే, ఆ చెరపడం కూడా సాధారణంగా క్షణాల్లో స్టాండ్‌బైకి చేరిపోతుంది. అప్పుడు ఆదుకునేది నిన్నో మొన్నో తీసిపెట్టిన బ్యాకప్ ఒక్కటే. నగరమే మునిగితే ఇక్కడున్న రెండు సర్వర్లూ పోతాయి. వేరే ఊళ్ళో ఉంచినదే మిగులుతుంది. ఇన్ని తేడాలున్నవాటికి ‘నకలు’ అని ఒకటే పేరు పెడితే, ‘మన దగ్గర నకలుంది’ అనుకుని ఒక మేనేజరు నిశ్చింతగా ఉంటాడు, బ్యాకప్ తీశారా లేదా అని అడగడు. ఇక్కడ తెలుగు మాట కోసం పట్టుబట్టకండి. స్టాండ్‌బై, బ్యాకప్ అని బ్యాంకులో రోజూ పలికేవే ఉంచండి; ప్రతి బ్యాకప్ పక్కన అది ఏ ఊళ్ళో ఉందో రాయండి.