జాగ్వారా, పోర్షేనా? మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కు, మామయ్య ఆశీస్సులు.

పాత స్పోర్ట్స్ కార్లలో జాగ్వార్ ఈ-టైప్ కొనాలా, పోర్షే 911 కొనాలా అని అడిగావు. ఇంగ్లండులోని ఈ కావెంట్రీలో ముప్పై ఏళ్లు పాత కార్ల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. ఈ-టైప్ పుట్టింది ఈ ఊళ్లోనే కనుక నా మనసు ఎటు లాగుతుందో నీకు తెలుసు. అయినా నిన్ను 911 కొనమనే చెబుతాను.

1961లో జెనీవాలో చూపించిన ఈ-టైప్ అందానికి ఈనాటికీ సాటి లేదు. విమానాల తయారీ నుంచి వచ్చిన మాల్కం సేయర్ గీసిన రూపం అది. కానీ ఆ కారుకు బలమంతా దాని రేకులోనే ఉంది. తలుపుల కింద పొడవునా ఉండే సిల్లులు తుప్పు పడితే కారు నడుము విరిగినట్టే. నా మొదటి ఈ-టైప్‌ను రంగు నిగనిగ చూసి కొన్నాను. ఇంటికి తెచ్చాక చేతిరుమాలు చుట్టిన అయస్కాంతాన్ని సిల్లు మీద జరుపుతూ వెళ్లాను. వెనుక చక్రం దగ్గరికి రాగానే పట్టు తప్పి నేలమీద పడింది. గీకి చూస్తే వేలెడు మందాన పుట్టీ, దాని వెనుక అప్పడంలా పొడిపొడి అయిన రేకు. బాగుచేయడానికి రెండు చలికాలాలు పట్టింది. పైగా దాని వెనుక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక, ఇంజన్ శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌కు ఆనుకుని ఉంటాయి. వాటిని మార్చాలంటే మామూలుగా ఇరుసు కూర్పంతా కిందికి దించాలి. నీ ఉద్యోగంతో అది సాగే పని కాదు. ఎప్పటికైనా ఈ-టైపే కావాలనుకుంటే 1964 తర్వాతి 4.2 లీటర్లది చూడు. దాని గేర్‌బాక్సు అంతకుముందున్న 3.8 లీటర్ల దానికన్నా ఎంతో నయం.

పాత 911 ఇంజన్‌ను గాలే చల్లబరుస్తుంది. రేడియేటర్ గొడవ లేదు. ఇంజన్ బరువంతా వెనుక ఉంటుంది కాబట్టి మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేయకు, వెనుక భాగం జారిపోతుంది. 1969 మోడల్‌కు ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచాక కొంత కుదురు వచ్చింది. అందుకే అంతకన్నా పాతది నీకు వద్దు. తుప్పు దీనికీ ఉంది. 1976 మోడల్ నుంచే ఒంటికంతా జింకు పూత వచ్చింది. అంతకుముందువాటిలో ముందు బ్యాటరీ ఉండే చోటు, వెనుక స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ అనే కడ్డీ ఉండే గొట్టం చుట్టూ లైటు వేసి చూడాలి. 911లలో అరుదైన 1973 కరేరా ఆర్‌ఎస్ అంటూ ఎవరైనా చూపిస్తే ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కంపెనీ రికార్డులతో సరిపోయేదాకా బయానా ఇవ్వకు. మామూలు 911లకు ఆ వేషం వేసినవి చాలా ఉన్నాయి.

చూడడానికి వెళ్లే రోజు ముందే చెప్పు, నేనూ వస్తాను. మనం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని యజమానికి చెప్పి ఉంచు. చల్లగా ఉన్నప్పుడు అది ఎలా అందుకుంటుందో వినాలి. ఓ గంట నడిపి, చదునైన చోట ఆపి, ఇంజన్ ఆడుతుండగానే ఆయిల్ మట్టం చూద్దాం. ఆ కారుకు అలాగే చూడాలి. అయస్కాంతం నేను తెస్తాను.

మామయ్య